పాలీయురేథేన్ అణువుకు కొత్త చేర్పులు – కృత్రిమ హృదయ కవాటాల మన్నికకు రసాయన మార్గం

(ప్రత్యేక వ్యాసం)

హృదయ కవాటాలు దెబ్బతిన్న రోగులకు శస్త్రచికిత్స ద్వారా అమర్చే కృత్రిమ కవాటాలలో రెండు రకాలు ప్రధానంగా వాడుకలో ఉన్నాయి. లోహం, కార్బన్, గట్టి ప్లాస్టిక్ వంటి వాటితో తయారయ్యే యాంత్రిక కవాటాలు మొదటి రకం. పంది కవాటంతో గాని, పశువుల హృదయావరణ పొరతో గాని తయారయ్యే జైవిక కవాటాలు రెండవ రకం. యాంత్రిక కవాటం దశాబ్దాల తరబడి పనిచేస్తుంది. అయితే దానిపై రక్తం గడ్డకట్టకుండా రోగి జీవితాంతం మందు వాడవలసి ఉంటుంది. జైవిక కవాటానికి సాధారణంగా అటువంటి జీవితకాలపు మందు అవసరం ఉండదు. కాని కాలక్రమంలో దానిపై కాల్షియం పేరుకొని రెక్కలు బిగుసుకుపోతాయి.

ఈ రెండు రకాల మంచి గుణాలను ఒకే పదార్థంలో సాధించాలన్న లక్ష్యంతో ఆరు దశాబ్దాలకు పైగా పరిశోధనలు జరుగుతున్నాయి. ఆ పరిశోధనలలో ముందు నుంచి నిలిచిన పదార్థం పాలీయురేథేన్. రబ్బరు వలె సాగి, మరల యథాస్థితికి వచ్చే ఈ పదార్థం కవాటపు రెక్కకు కావలసిన మృదుత్వాన్ని, బలాన్ని కలిగి ఉన్నది. రక్తంతోను, శరీర కణాలతోను నిరంతరం తాకిడి ఉన్నప్పుడు మాత్రం కొన్ని లోపాలు బయటపడ్డాయి. పాలీయురేథేన్ అణువుకు పక్కగా కొత్త రసాయన సమూహాలను శాశ్వత బంధంతో చేర్చి ఆ లోపాలను సరిదిద్దవచ్చునని పరిశోధకులు నిరూపించారు. ఆ పద్ధతిని, దాని ఫలితాలను, పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది.

రోగుల కోణం నుంచి సమస్య

అభివృద్ధి చెందిన దేశాలలో కవాట మార్పిడి ఎక్కువగా వృద్ధులకు జరుగుతుంది. భారతదేశంలో పరిస్థితి కొంత భిన్నమైనది. గొంతులో స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా సోకిన తరువాత కొందరు పిల్లలకు కీళ్లవాత జ్వరం వస్తుంది. దీనిని రుమాటిక్ జ్వరం అని కూడా అంటారు. సాధారణంగా 5 నుంచి 15 సంవత్సరాల వయసులో వచ్చే ఈ జ్వరం హృదయ కవాటాలను శాశ్వతంగా దెబ్బతీయగలదు. ఫలితంగా యుక్తవయసులోనే కవాట మార్పిడి అవసరమయ్యే రోగులు మన దేశంలో గణనీయంగా ఉన్నారు. ఈ వ్యాధిపై సభ్యదేశాలు శ్రద్ధ వహించాలని ప్రపంచ ఆరోగ్య మహాసభ 2018లో తీర్మానించింది.

యువ రోగులకు పైన పేర్కొన్న రెండు రకాల కవాటాలూ ఇబ్బంది కలిగిస్తాయి. యాంత్రిక కవాటం అమర్చినవారు రక్తాన్ని పలుచగా ఉంచే మందును క్రమం తప్పక వాడాలి. మోతాదు సరిపోతున్నదో లేదో తెలుసుకొనుటకు తరచుగా రక్తపరీక్ష చేయించుకోవాలి. మోతాదు తగ్గితే కవాటంపై రక్తపు గడ్డ ఏర్పడుతుంది, పెరిగితే రక్తస్రావం జరుగుతుంది. విటమిన్-కె అధికంగా ఉండే ఆకుకూరలు ఒకరోజు ఎక్కువగా, మరొకరోజు తక్కువగా తిన్నా మందు ప్రభావం మారుతుంది. పరీక్షాకేంద్రానికి దూరంగా ఉన్న గ్రామీణులకు ఇది భారమైన నియమం. గర్భిణులలో ఈ మందు వల్ల తల్లికీ బిడ్డకూ ప్రమాదం ఉన్నందున ప్రత్యేక పర్యవేక్షణ అవసరమవుతుంది.

జైవిక కవాటం ఎంచుకొంటే సమస్య మరో రూపం దాల్చుతుంది. యువ శరీరంలో కాల్షియం పేరుకొనే వేగం ఎక్కువ. కావున వృద్ధులలో కంటే చిన్న వయసువారిలో జైవిక కవాటాలు త్వరగా చెడిపోతాయి. రెండవ శస్త్రచికిత్స తప్పదు. హృద్రోగ శస్త్రచికిత్సల వ్యయాన్ని ప్రభుత్వ పథకాలు భరిస్తున్న ప్రాంతాలలో ఇది ప్రజాధనానికి కూడా సంబంధించిన విషయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం హృద్రోగ చికిత్సలకు వర్తించిన సంగతి విదితమే. మందుల భారం లేకుండా ఎక్కువ కాలం మన్నే కవాటం లభిస్తే రోగికీ, కుటుంబానికీ, ప్రభుత్వానికీ మేలు కలుగుతుంది.

దేశీయంగా ఈ రంగంలో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్యశాస్త్ర, సాంకేతిక సంస్థ చేసిన కృషి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఆ సంస్థ రూపొందించిన యాంత్రిక కవాటాన్ని 1990 డిసెంబర్ 6న తొలిసారి రోగికి అమర్చారు. దిగుమతి కవాటాల కంటే తక్కువ ధరకు లభించి వేలాది మందికి ఉపయోగపడిన ఆ కవాటం కూడా యాంత్రిక జాతిలోనిదే. కావున మందు నియమం దానికీ వర్తిస్తుంది.

పాలీయురేథేన్ నిర్మాణం

పాలీయురేథేన్‌ను 1937లో జర్మనీలో ఒట్టో బేయర్, ఆయన సహచరులు రూపొందించారు. రెండు చివరల ఐసోసయనేట్ సమూహాలు ఉన్న పదార్థం, రెండు చివరల హైడ్రాక్సిల్ సమూహాలు ఉన్న పదార్థం కలిసినప్పుడు ఒకదాని చివర మరొకటి అతుక్కుంటూ పొడవైన గొలుసు ఏర్పడుతుంది. గొలుసులో ఆ రెండూ కలిసిన ప్రతిచోటా ఉండే బంధానికి యురేథేన్ బంధమని పేరు. పరుపులలోని నురుగు, బూట్ల అడుగుభాగాలు, వాహనాల రంగులు, సాగే వస్త్రాలలోని దారం, శీతలీకరణ పెట్టెల గోడలలోని నింపుడు – ఇవన్నీ ఈ కుటుంబానికి చెందినవే.

వైద్యరంగంలో వాడే పాలీయురేథేన్ గొలుసులో రెండు రకాల ఖండాలు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. మృదు ఖండాలు సులభంగా సాగుతాయి. దృఢ ఖండాలు పరస్పరం ఆకర్షించుకొని గుంపులుగా చేరి, సాగిన గొలుసును వెనుకకు లాగుతాయి. రబ్బరు గుణం ఈ రెండింటి కలయిక వల్ల వచ్చినదే. దృఢ ఖండాలు గుంపుగా చేరుటకు ముఖ్యకారణం యురేథేన్ బంధంలోని నైట్రోజన్‌పై ఉండే హైడ్రోజన్ పరమాణువు. ఈ హైడ్రోజన్ పొరుగు గొలుసులోని ఆక్సిజన్‌ను ఆకర్షించి పట్టుకొంటుంది. కొత్త సమూహాలను చేర్చే పనిలో కూడా ఈ హైడ్రోజనే కీలకమని తరువాతి భాగంలో స్పష్టమవుతుంది.

ఐసోసయనేట్ అన్న మాట వినగానే 1984 డిసెంబర్ నాటి భోపాల్ దుర్ఘటన గుర్తుకు రావడం సహజం. అక్కడ వెలువడినది మిథైల్ ఐసోసయనేట్. దానిని పురుగుమందుల తయారీకి వాడేవారు. వేగంగా ఆవిరయ్యే ఆ చిన్న అణువు పాలీయురేథేన్ తయారీలో వాడే పదార్థం కాదు. పాలీయురేథేన్‌కు వాడే డై-ఐసోసయనేట్‌లు వేరు. అవి కూడా ఊపిరితిత్తులకు హానికరమైనవే అయినందున తయారీ కేంద్రాలలో జాగ్రత్తలు తప్పనిసరి. చర్య పూర్తయి గొలుసు ఏర్పడిన తరువాత ఐసోసయనేట్ సమూహం ఆ రూపంలో మిగలదు. చర్య అసంపూర్ణంగా ఆగిపోకుండా చూడడం తయారీదారు బాధ్యత.

శరీరంలో ఎదురైన ఇబ్బందులు

పాలీయురేథేన్‌ను హృదయంలో వాడే ప్రయత్నాలు చాలా ముందుగానే ఆరంభమయ్యాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో శస్త్రవైద్యురాలు నీనా బ్రౌన్‌వాల్డ్ 1960 మార్చిలో మెత్తని పాలీయురేథేన్‌తో చేసిన ద్విపత్ర కవాటాన్ని ఒక రోగికి అమర్చారు. ఖండాలుగా నిర్మితమైన పాలీయురేథేన్ వైద్య అవసరాలకు తగినదని జాన్ బోరెటోస్, విలియం పియర్స్ 1967లో ప్రకటించారు. 1982 డిసెంబర్‌లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో అమర్చిన జార్విక్-7 కృత్రిమ హృదయంలో రక్తాన్ని నెట్టే పొర కూడా పాలీయురేథేన్‌దే. దానితో ఆ రోగి 112 రోజులు జీవించారు.

ఆశలతో పాటు లోపాలు కూడా వెల్లడయ్యాయి. 1980 దశకంలో పేస్‌మేకర్ తీగలపై ఉన్న పాలీయురేథేన్ తొడుగులలో పగుళ్లు కనిపించాయి. శరీరంలోకి వచ్చిన పరాయి వస్తువును చుట్టుముట్టే రక్షక కణాలు తీవ్రమైన ఆక్సీకరణ పదార్థాలను విడుదల చేస్తాయి. మృదు ఖండాలలోని ఈథర్ బంధాలు ఆ దాడికి తట్టుకోలేకపోయాయి. తీగ లోపలి లోహపు అయాన్లు ఈ క్షయాన్ని మరింత వేగవంతం చేశాయి. తదనంతరం ఈథర్‌కు బదులు కార్బొనేట్, సిలికాన్ ఆధారిత మృదు ఖండాలు గల రకాలు అభివృద్ధి చెందాయి.

కవాటపు రెక్కల విషయంలో మరో రెండు ఇబ్బందులు ఉన్నాయి. మొదటిది రక్తం గడ్డకట్టడం. పాలీయురేథేన్ ఉపరితలాన్ని రక్తం తాకిన వెంటనే ప్రొటీన్లు దానిపై పొరగా చేరుతాయి. ప్లేట్‌లెట్లు ఆ ప్రొటీన్ పొరకు అతుక్కుని గడ్డకు పునాది వేస్తాయి. రెండవది కాల్షియం పేరుకొనడం. రక్తంలోని కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి ఎముకలో ఉండే ఖనిజం వంటి స్ఫటికాలుగా రెక్కపై పెరుగుతాయి. రెక్క ఎక్కువగా వంగే చోట ఈ పెరుగుదల అధికం. స్ఫటికాలు పెరిగిన చోట రెక్క బిగుసుకుంటుంది, తరువాత చిరుగుతుంది. గుండె రోజుకు సుమారు లక్ష సార్లు, సంవత్సరానికి మూడున్నర కోట్లకు పైగా కొట్టుకొనే కారణంగా చిన్న లోపం కూడా త్వరలోనే పెద్దదవుతుంది.

పూతకు, బంధానికి గల భేదం

ఈ లోపాలను సరిదిద్దుటకు పలు మార్గాలు ఉన్నాయి. తయారైన వస్తువుపై మందును పూతగా పూయవచ్చు. పాలీయురేథేన్‌ను కరిగించినప్పుడు దానిలో మందు కలపవచ్చు. గొలుసు నిర్మించే దశలోనే వేరే ముడిపదార్థాలు వాడవచ్చు. తయారైన గొలుసుకు పక్కగా కొత్త సమూహాలను బంధించవచ్చు. మొదటి రెండు మార్గాలు సులభమైనవి. కాని పూత రక్తప్రవాహంలో అరిగిపోతుంది, కలిపిన మందు క్రమంగా కారిపోతుంది. కొన్ని వారాలు వాడే గొట్టాలకు ఇది చాలు. పది, ఇరవై సంవత్సరాలు పనిచేయవలసిన కవాటానికి చాలదు.

నాల్గవ మార్గాన్ని కలంకారీ అద్దకంతో పోల్చి అర్థం చేసుకోవచ్చు. రంగును నేరుగా వస్త్రంపై రాస్తే ఉతుకులకు పోతుంది. కరక్కాయ కషాయంలో నానబెట్టిన వస్త్రంపై పటికను ముందుగా అద్దితే, పటిక అటు నూలును, ఇటు రంగును పట్టుకొంటుంది. పాలీయురేథేన్‌కు పక్కగా చేర్చే మధ్యవర్తి అణువు పాత్ర కూడా ఇటువంటిదే. ఒక చివర గొలుసును, మరొక చివర కావలసిన సమూహాన్ని పట్టి ఉంచుతుంది. అయితే ఇక్కడ ఏర్పడేది పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకొనే సమయోజనీయ బంధం కావున రక్తప్రవాహానికి అది కొట్టుకుపోదు.

సమూహాలను చేర్చే విధానం

యురేథేన్ బంధంలోని నైట్రోజన్‌పై ఉన్న హైడ్రోజన్ సాధారణ పరిస్థితులలో అంత సులభంగా విడిపోదు. తేమ లేని ద్రావణిలో పాలీయురేథేన్‌ను కరిగించి, బలమైన క్షారాన్ని చేర్చితే కొన్ని నైట్రోజన్లు హైడ్రోజన్‌ను కోల్పోయి ఋణావేశం పొందుతాయి. అట్టి నైట్రోజన్ తగిన అణువు లభించిన వెంటనే దానితో బంధం ఏర్పరచుకొంటుంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్టువర్ట్ కూపర్ బృందం 1980 దశకంలో ఈ సూత్రాన్ని వినియోగించి, సోడియం హైడ్రైడ్, ప్రొపేన్ సల్టోన్ సహాయంతో సల్ఫొనేట్ సమూహాలను పాలీయురేథేన్‌కు చేర్చింది. రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్‌లో కూడా సల్ఫర్ గల ఋణావేశ సమూహాలు ఉన్నందున ఈ ఎంపిక జరిగింది. ఇట్లు మార్చిన పదార్థంపై ప్లేట్‌లెట్ల చేరిక, ఉత్తేజం తగ్గినట్లు ప్రయోగాలు తెలిపాయి.

ఫిలడెల్ఫియా బాలల ఆసుపత్రిలో రాబర్ట్ లెవీ, ఐవన్ అల్ఫెరియెవ్ బృందం ఈ విధానాన్ని మరింత విస్తృతం చేసింది. ఈ పద్ధతి రెండు దశలలో సాగుతుంది. మొదటి దశలో, రెండు చివరలా బ్రోమిన్ ఉన్న చిన్న కార్బన్ గొలుసును క్షారపు సమక్షంలో పాలీయురేథేన్‌తో చర్య జరిపిస్తారు. ఒక చివరి బ్రోమిన్ తొలగి, ఆ చివర నైట్రోజన్‌కు అతుక్కుంటుంది. రెండవ చివరి బ్రోమిన్ స్వేచ్ఛగా మిగులుతుంది. అదే చిన్న గొలుసు రెండు చివరలా రెండు పాలీయురేథేన్ గొలుసులకు అతుక్కుంటే పదార్థమంతా ముద్దగా బిగుసుకుంటుంది. దీనిని నివారించుటకు ఆ రసాయనాన్ని అవసరానికి మించి చాలా ఎక్కువగా వాడతారు. అప్పుడు ప్రతి నైట్రోజన్‌కు విడిగా ఒక్కొక్క అణువు లభిస్తుంది.

రెండవ దశలో, సల్ఫర్ చివర కలిగిన ఏదైనా ఉపయోగకర అణువును చేర్చుతారు. సల్ఫర్ బ్రోమిన్‌ను నెట్టివేసి దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఈ చర్య మృదువైన పరిస్థితులలోనే జరుగుతుంది. కావున ప్రధాన గొలుసు తెగదు. ఒకే బ్రోమిన్ చేతికి వేర్వేరు సమూహాలను తగిలించగల సౌలభ్యం ఈ పద్ధతి ప్రత్యేకత. ఒక ఆసుపత్రి అవసరానికి ఒక సమూహం, మరొక అవసరానికి మరొక సమూహం – మూలపదార్థం, మొదటి దశ మాత్రం మారవు.

ఏ సమూహం ఏ పనికి

బిస్‌ఫాస్ఫొనేట్: ఎముకలు గుల్లబారే వ్యాధికి మందుగా వాడే జాతికి చెందినది. శరీరంలో స్ఫటికాల పెరుగుదలను అదుపు చేసే పైరోఫాస్ఫేట్‌ను ఇది నిర్మాణంలో పోలి ఉంటుంది. పైరోఫాస్ఫేట్‌లో రెండు ఫాస్ఫరస్‌ల మధ్య ఆక్సిజన్ ఉండగా, దీనిలో కార్బన్ ఉంటుంది. అందువలన ఎంజైములు దీనిని తెంచలేవు. ఈ మందును శరీరమంతటికీ ఇచ్చినప్పుడు కాల్షియం పేరుకొనడం ఆగినా, ఎదుగుతున్న జంతువులలో ఎముకల పెరుగుదల కూడా దెబ్బతిన్నది. మందును కవాటానికే బంధిస్తే ఆ దుష్ఫలితం ఉండదన్న ఆలోచన నుంచి ఈ పరిశోధన పుట్టింది. బిస్‌ఫాస్ఫొనేట్ బంధించిన పాలీయురేథేన్ కాల్షియం పేరుకొనడాన్ని నిరోధించినట్లు లెవీ బృందం 2001లో ప్రకటించింది. 2003లో ప్రచురించిన తదుపరి పరిశోధనలో కవాటపు రెక్కలపై కూడా ఇట్టి రక్షణను నివేదించింది.

కొలెస్టరాల్: రక్తనాళాల లోపలి గోడను కప్పి ఉండే కణాలు గడ్డలు ఏర్పడకుండా సహజంగా కాపాడుతాయి. ఆ కణాలు మామూలు పాలీయురేథేన్‌పై నిలదొక్కుకోలేవు. కణపొరలో సహజంగా ఉండే కొలెస్టరాల్‌ను పక్క సమూహంగా చేర్చినప్పుడు అవి బాగా అతుక్కున్నట్లు అదే బృందం గమనించింది. అట్టి రెక్కలపై కణాలను ముందుగా పెంచి గొర్రెలలో అమర్చిన ప్రయోగం 2006లో ప్రచురితమైంది.

సి.డి.47: శరీరపు సొంత కణాలపై ఉండే ఈ ప్రొటీన్, రక్షక కణాలకు ‘ఇది మన కణమే’ అన్న సంకేతం ఇస్తుంది. దీనిని బంధించిన పాలిమర్ ఉపరితలాలకు రక్షక కణాలు తక్కువగా అతుక్కున్నట్లు 2011లో వెలువడిన పరిశోధన తెలిపింది. ఆక్సీకరణ దాడికి మూలకారణాన్ని తగ్గించే దిశగా ఇది ఒక ప్రయత్నం.

వీటితో పాటు, నీటిని పట్టి ఉంచి ప్రొటీన్ల చేరికను తగ్గించే పాలీఇథిలీన్ గ్లైకాల్, గడ్డకట్టుటను నిరోధించే హెపారిన్, బాక్టీరియాను చంపే చతుర్థ అమ్మోనియం సమూహాలు మొదలైనవాటిని కూడా పాలీయురేథేన్‌కు బంధించే పద్ధతులు అభివృద్ధి చెందాయి.

పాటించవలసిన పరిమితులు

పక్క సమూహాలు ఎంత ఎక్కువగా చేరితే అంత మేలు అన్న అభిప్రాయం సరి కాదు. సమూహం చేరిన ప్రతి నైట్రోజన్ తన హైడ్రోజన్‌ను కోల్పోతుంది. పొరుగు గొలుసును పట్టుకొనే ఒక ఆకర్షణ అక్కడ తగ్గుతుంది. మితిమీరితే దృఢ ఖండాల గుంపులు చెదిరి, పదార్థం బలం కోల్పోతుంది. ఆవేశం గల సమూహాలు అధికమైతే పదార్థం నీటిని పీల్చి ఉబ్బుతుంది. కాల్షియం పేరుకొనకుండా చేసిన మార్పు వల్లనే రెక్క చిరిగిపోతే ప్రయోజనం శూన్యం. కావున అవసరమైన కనీస మేరకే మార్పు చేసి, సాగుదల, తన్యబలం మూలపదార్థంతో సమానంగా నిలిచాయో లేదో పోల్చి చూస్తారు.

శుద్ధి మరొక ముఖ్యాంశం. చర్యలో వాడిన ద్రావణి, క్షారం, బ్రోమిన్ పదార్థం ఆనవాళ్లు మిగలరాదు. చర్య జరగని బ్రోమిన్ చేతులు శరీరంలోని ప్రొటీన్లతో అవాంఛిత చర్యలకు కారణం కాగలవు. సూక్ష్మజీవరహితం చేయుటకు వాడే వేడి, వికిరణం, వాయువుల వల్ల చేర్చిన సమూహం దెబ్బతినకుండా ఉన్నదని కూడా నిర్ధారించుకోవాలి. ప్రయోగశాలలో కొన్ని గ్రాములు తయారుచేయుటకు, ప్రతి విడతలోనూ ఒకే నాణ్యతతో కిలోల లెక్కన తయారుచేయుటకు మధ్య అంతరం చాలా ఉన్నది.

పరీక్షలు, అనుమతులు

శరీరంతో తాకిడి గల పరికరాల జీవానుకూలతను ఐ.ఎస్.ఓ. 10993 ప్రమాణాల మేరకు పరీక్షిస్తారు. కృత్రిమ కవాటాలకు ఐ.ఎస్.ఓ. 5840 ప్రమాణం వర్తిస్తుంది. మెత్తని రెక్కలు గల కవాటాన్ని యంత్రంపై 20 కోట్ల సార్లు తెరచి మూయించి మన్నికను చూడాలి. గుండె స్పందనల లెక్కన ఇది ఐదు సంవత్సరాలకు పైబడిన కాలంతో సమానం. గట్టి కవాటాలకు ఈ సంఖ్య 40 కోట్లు. ఆ తరువాత జంతువులపై, అటుపిమ్మట నైతిక సంఘాల ఆమోదంతో రోగులపై పరీక్షలు జరుగుతాయి. గొర్రెలలో కాల్షియం వేగంగా పేరుకొంటుంది గనుక కవాటాల పరీక్షకు వాటిని ఎంచుకుంటారు.

భారతదేశంలో హృదయ కవాటాలను 2005 అక్టోబర్‌లోనే కేంద్ర ప్రభుత్వం ఔషధ చట్టం పరిధిలోకి తెచ్చింది. 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన వైద్య పరికరాల నియమావళి–2017, పరికరాలను ప్రమాద స్థాయిని బట్టి నాలుగు తరగతులుగా విభజించింది. హృదయ కవాటాలు అత్యధిక ప్రమాద స్థాయి గల ‘డి’ తరగతికి చెందినవి. పదార్థం రసాయన నిర్మాణంలో మార్పు చేసినప్పుడు దాని భద్రతను కొత్తగా నిరూపించవలసి ఉంటుంది. మూలపదార్థానికి ఉన్న పేరుప్రతిష్ఠలు మార్చిన పదార్థానికి తమంతట తాముగా సంక్రమించవు.

ఇప్పటి స్థితి

పాలిమర్ రెక్కల కవాటాలు ఇటీవల రోగుల వరకు చేరాయి. ఆస్ట్రేలియా జాతీయ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ. కృషి నుంచి వచ్చిన, సిలికాన్ మృదు ఖండాలు గల పాలీయురేథేన్-యూరియాతో చేసిన కవాటాన్ని 2019లో అమెరికాలో తొలిసారి మానవునికి అమర్చారు. ఆ పదార్థంతో చేసిన ద్విపత్ర కవాటాన్ని భారతదేశంలోని రోగులపై కూడా పరీక్షించి, ఒక సంవత్సర కాలపు ఫలితాలను 2025లో వెల్లడించారు. ఇది గొలుసు నిర్మాణ దశలోనే ముడిపదార్థాలను మార్చే మూడవ మార్గానికి ఉదాహరణ.

పక్క సమూహాలను బంధించే నాల్గవ మార్గం విషయంలో పైన పేర్కొన్న ఫలితాలు ప్రయోగశాలలోను, జంతువులలోను లభించినవి. ఈ రెండు మార్గాలు పరస్పర విరుద్ధమైనవి కావు. ఆక్సీకరణకు తట్టుకొనే మృదు ఖండాన్ని ఒకదాని నుంచి, కాల్షియాన్ని గాని, గడ్డలను గాని నిరోధించే పక్క సమూహాన్ని మరొకదాని నుంచి గ్రహించే అవకాశం రసాయనపరంగా ఉన్నది.

నిత్యజీవితంలో ఇదే సూత్రం

పక్క సమూహాల ప్రయోజనం వైద్యరంగానికే పరిమితం కాదు. రంగులు, తోలు మెరుగు పూతలలో వాడే నీటి ఆధారిత పాలీయురేథేన్‌లు ఇందుకు మంచి ఉదాహరణ. పాలీయురేథేన్ స్వతహాగా నీటిలో కలవదు. గొలుసు నిర్మించేటప్పుడు డైమిథైలాల్ ప్రొపియానిక్ ఆమ్లాన్ని చేర్చితే, గొలుసుకు పక్కగా ఆమ్ల సమూహాలు నిలుస్తాయి. వాటిని క్షారంతో తటస్థీకరిస్తే ఆవేశం ఏర్పడి, పాలిమర్ చిన్న చిన్న కణాలుగా నీటిలో విస్తరిస్తుంది. ఘాటైన ద్రావణుల వాడకం, వాటి వల్ల కార్మికులకు, పరిసరాలకు కలిగే హాని దీనివల్ల తగ్గుతాయి.

హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పాలీయురేథేన్ పూతలపై చిరకాలంగా పరిశోధనలు నిర్వహిస్తున్నది. ఆ సంస్థ శాస్త్రవేత్తలు డి.కె. చటోపాధ్యాయ, కె.వి.ఎస్.ఎన్. రాజు పాలీయురేథేన్ పూతల నిర్మాణంపై 2007లో వెలువరించిన సమగ్ర సమీక్ష అంతర్జాతీయంగా గుర్తింపు పొందింది. తెలుగు రైతులకు చిరపరిచితమైన ఆముదానికి కూడా ఈ రంగంతో సంబంధం కలదు. ఆముదంలో అధికభాగంగా ఉండే రిసినోలిక్ ఆమ్లం సహజంగానే హైడ్రాక్సిల్ సమూహాన్ని కలిగి ఉన్నది. అందువలన పెట్రోలియం ఉత్పత్తులకు బదులుగా ఆముదాన్ని పాలీయురేథేన్ తయారీలో ముడిపదార్థంగా వాడుతున్నారు. మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్టభూములలో సాగైన ఈ పంటకు పారిశ్రామిక విలువ ఉండుటకు ఇది ఒక కారణం.

వార్తల పరిశీలనలో గమనించదగిన అంశాలు

కొత్త వైద్య పదార్థాల గురించి ప్రకటనలు తరచుగా వెలువడుతుంటాయి. వాటిని ప్రజలకు తెలియజేసే పాత్రికేయులు, కొనుగోలు నిర్ణయాలు తీసుకొనే అధికారులు కొన్ని అంశాలను వేరుగా చూడడం ఉపయుక్తం. ప్రయోజనకర సమూహం పదార్థానికి బంధించబడినదా, లేక పూతగా పూయబడినదా అన్నది మొదటి అంశం. మార్పు చేసిన తరువాత యాంత్రిక బలం నిలిచినట్లు ఆధారాలు ఉన్నాయా అన్నది రెండవది. ఫలితాలు పరీక్షనాళికలోనివా, జంతువులలోనివా, రోగులలోనివా, ఎంత కాలానికి సంబంధించినవి అన్నది మూడవది. నాల్గవది, మందు నియమం గురించిన స్పష్టత. ‘పాలిమర్ కవాటం’ అన్నంత మాత్రాన మందు అవసరం లేదని భావించరాదు. చికిత్స పొందుతున్న రోగులు ఇటువంటి వార్తలు చదివి వైద్యుని సలహా లేకుండా మందు మానివేస్తే ప్రాణాపాయం సంభవించగలదు.

కవాట వ్యాధిని మొదటి దశలోనే అడ్డుకొనే మార్గం నేటికీ సులభమైనదే. పిల్లలలో గొంతునొప్పిని, జ్వరంతో కూడిన కీళ్లనొప్పులను నిర్లక్ష్యం చేయక సకాలంలో పెన్సిలిన్ చికిత్స అందిస్తే చాలా కవాటాలు దెబ్బతినకుండా మిగులుతాయి. అప్పటికే దెబ్బతిన్నవారి కోసం మన్నికైన, మందుల భారం లేని కవాటం కావలసి ఉన్నది. నైట్రోజన్‌పై ఉన్న ఒక చిన్న హైడ్రోజన్ స్థానంలో తగిన సమూహాన్ని నిలుపగలగడం ఆ దిశలో రసాయనశాస్త్రం అందించిన సాధనం. దాని ఫలాలు రోగులకు చేరాలంటే దీర్ఘకాలిక పరీక్షలు, నిలకడైన తయారీ ప్రమాణాలు, అందుబాటు ధర అనే మూడు మెట్లు దాటవలసి ఉన్నది.